మూడు ఎండాకాలాలు దాటిన నా క్యాబినెట్: ఏ మార్పు నిలిచింది, ఏది పీకేశాను

విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. మా దగ్గర ముహూర్తాలు ఎక్కువగా వైశాఖం, జ్యేష్ఠంలోనే పడతాయి. అంటే నా కంప్యూటర్ సిస్టమ్‌కు పని పెరిగేదీ, గదిలో వేడి పెరిగేదీ ఒకేసారి. 2022 మేలో రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో కొత్త సిస్టమ్ కట్టించుకున్నాను. క్యాబినెట్, అంటే ఆ భాగాలన్నీ ఉండే డబ్బా, చూడగానే నచ్చింది. ముందంతా నల్లటి గాజు, దాని వెనక రంగులు మారే ఫ్యాన్లు రెండు, వెనక వైపు ఇంకొకటి. ముచ్చటపడి తీసుకున్నాను.

మూడు వారాలు తిరక్కుండానే తేడా తెలిసింది. మూడు గంటల పెళ్లి సినిమా ఎక్స్‌పోర్ట్‌లో, అంటే ఎడిట్ చేసినదంతా ఒకే ఫైలుగా తయారవడానికి, పెడితే ఫ్యాన్ల మోత పక్క గదిలోకి వినిపించేది. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ప్రాసెసర్ 90 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డు 83. ఈ ప్రాసెసర్‌కు 90 అనేది గరిష్ఠ హద్దు. అక్కడికి చేరితే అదే వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న వేగం పని ఉన్న రోజుల్లోనే అందట్లేదన్నమాట.

ఆ రోజు చేసిన చిన్న పరీక్షే తర్వాత అన్ని మార్పులకూ మూలం. సైడు డోర్ తీసేసి అదే ఎక్స్‌పోర్ట్ మళ్లీ పెట్టాను. గది వేడి మారలేదు, 35 డిగ్రీలే ఉంది. ప్రాసెసర్ 79కి, కార్డు 72కి దిగాయి. డోర్ తీస్తే ఇంత తేడా వచ్చిందంటే తప్పు ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌ది కాదు, డబ్బాది. తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉంటే మాత్రం క్యాబినెట్ జోలికి వెళ్లకుండా కూలర్ మార్చుకోవడం మంచిది. ఏదైనా కొనేముందు ఎవరైనా ఈ పరీక్ష చేసుకోవాలని నా కోరిక. పైసా ఖర్చు లేదు.

డోర్ తీస్తున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. రేకు అంచు తగలగానే వేళ్లకు జివ్వుమంది. చాలా ఇళ్లలో ఇది మామూలే అని వదిలేస్తారు. నేనూ అంతకుముందు వదిలేసినవాణ్నే. టెస్టర్ పెడితే క్యాబినెట్ బాడీ మీద లైటు వెలిగింది. సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ లోపల నాయిస్ ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త లీకేజీ కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీదే నిలబడి, మనం ముట్టుకున్నప్పుడు మన ద్వారా దారి వెతుక్కుంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే మూడో పిన్నుకు వైరే లేదు. వైరు లాగించి, పెరట్లో ఎండిపోయిన ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి నీళ్లు పోయించాను. ఇప్పటికీ ఎండాకాలంలో వారానికోసారి ఆ గుంతలో ఒక బిందె నీళ్లు పోస్తాను. ఆ తర్వాత జివ్వుమనడం ఒక్కసారి కూడా లేదు. క్యాబినెట్ మీద చేయి వేసే ప్రతి ఒక్కరూ ముందు ఎర్తింగ్ చూసుకోవాలి. మిగతా మార్పులన్నీ దీని తర్వాతే.

ఇక ముందు భాగం. గాజుకూ ఫ్రేముకూ మధ్య పక్కల్లో వేలు మందం సందు తప్ప గాలికి దారి లేదు. టేబుల్ ఫ్యాన్ వీపును గోడకు ఆనించి తిప్పితే ఎలా ఉంటుందో ఆ రెండు ఫ్యాన్ల పరిస్థితి అంతే. గాజు పలక ప్లాస్టిక్ ఫ్రేముకు డబుల్ సైడ్ టేపుతో అంటించి ఉంది. హెయిర్ డ్రయర్‌తో అంచులు వేడి చేసి, పాత ఏటీఎం కార్డు దూర్చి మెల్లగా జరిపితే పగలకుండా వచ్చింది. ఫ్రేము మిగిలింది.

దాంట్లో పెట్టడానికి జాలీ కోసం ఆటోనగర్ వెళ్లాను. కార్ల బంపర్లకు వేసే అల్యూమినియం జాలీ, తేనెపట్టు గళ్లది, అక్కడ షీట్ల లెక్కన దొరుకుతుంది. కొలత రాసుకెళ్లిన కాగితం చూపిస్తే టింకరింగ్ షెడ్డు మేస్త్రి షీటును వేళ్లతో వంచి చూశారు. ‘‘ఇది పల్చగా ఉందండి, గ్రైండర్ పెడితే వంకర పోద్ది. రేకు కత్తెరతో కోసిస్తా, అంచులు మీరు ఆకురాయితో రుద్దుకోండి’’ అన్నారు. కోసి ఇచ్చి, డబ్బులు ఎంతివ్వమంటారంటే టీకి ఇవ్వండి చాలన్నారు. ఇంటికొచ్చి ఆకురాయితో అంచులు నునుపు చేసి, ఫ్రేము లోపలి వైపు ఎం-సీల్‌తో నాలుగు మూలలా అంటించాను.

అక్కడ ఒక పొరపాటు చేశాను. నాలుగు మూలలే అంటించడంతో ఫ్యాన్లు పూర్తి వేగం అందుకోగానే జాలీ మధ్యలో జుయ్యిమని అదిరేది. రెండు రోజులు ఫ్యాన్ బేరింగ్ పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. చివరికి జాలీ మీద వేలు నొక్కితే మోత ఆగింది. చుట్టూ సన్నటి ఫోమ్ టేపు వేసి మళ్లీ బిగించాక ఇప్పటిదాకా చప్పుడు లేదు. ఈ ఒక్క మార్పుతో, డోర్ మూసి ఉండగానే, ప్రాసెసర్ 90 నుంచి 82కి, కార్డు 83 నుంచి 75కి వచ్చాయి. ఖర్చు జాలీ, ఎం-సీల్, టేపు కలిపి 500 లోపే. మూడేళ్లలో నేను పెట్టిన ఏ రూపాయీ ఇంతగా పని చేయలేదు.

తర్వాత ఫ్యాన్లు. క్యాబినెట్‌తో వచ్చినవి ఎప్పుడూ ఒకటే వేగంతో తిరిగేవి, తగ్గించే వీలు లేదు. ముందు రెండింటి స్థానంలో ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం పీఎస్‌టీ ఫ్యాన్లు పెట్టాను. నిమిషానికి 200 నుంచి 1800 చుట్ల దాకా మనం చెప్పినట్టు తిరుగుతాయి. పీఎస్‌టీ రకంలో ఒక ఫ్యాన్ ప్లగ్గు రెండోదానికి గుచ్చొచ్చు కాబట్టి మదర్‌బోర్డులో ఒక్క హెడర్ (ప్లగ్గు గుచ్చే పిన్నుల చోటు) చాలు. అయితే చాలా మదర్‌బోర్డుల్లో ఒక హెడర్‌కు 1 యాంపియర్ వరకే హద్దు. ఫ్యాన్ల స్టిక్కర్ మీద ఉన్న యాంపియర్లు కూడుకుని, అంతలోపు ఉంటేనే కలపాలి.

ఫ్యాన్ ఏ వైపు గాలి లాగుతుందో కొత్తవాళ్లకు తికమక. రెక్కలు అడ్డం లేకుండా కనిపించే వైపు నుంచి గాలి లోపలికి పోతుంది. మోటారును పట్టుకున్న పుల్లలున్న వైపు నుంచి బయటికొస్తుంది. సరిచూసుకోవడానికి దేవుడి గదిలోంచి ఒక అగరబత్తి తెచ్చాను. టేబుల్ ఫ్యాన్, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి ముందు జాలీ దగ్గర పట్టుకుంటే పొగ తీగలా సాగి లోపలికి పోయింది. వెనక ఫ్యాన్ దగ్గర పట్టుకుంటే పొగ బయటికి ఎగరాలి కదా, అక్కడా లోపలికే పోయింది! సిస్టమ్ కట్టినప్పుడే ఆ ఫ్యాన్ తిరగేసి బిగించారు. మూడు నెలలుగా వేడి గాలి బయటికి పోయే ఒక్క దారి కూడా మూసుకుపోయి ఉంది. నాలుగు స్క్రూలు విప్పి తిప్పి పెడితే ఇంకో మూడు డిగ్రీలు తగ్గింది. మీ ఇంట్లో అగరబత్తి ఉంటే ఈ రోజే చూసుకోండి. నిప్పు మాత్రం జాలీకి బెత్తెడు దూరంలో ఉంచండి.

వేగం సెట్ చేసేటప్పుడు ఒక విషయం నాకు ఆలస్యంగా అర్థమైంది. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ఫ్యాన్లు మామూలుగా ప్రాసెసర్ వేడిని చూసి తిరుగుతాయి. గ్రాఫిక్స్ కార్డు ఎంత కాగినా వాటికి తెలియదు. కలర్ గ్రేడింగ్ (వీడియో రంగులు సరిదిద్దడం) చేసేటప్పుడు నాకు కార్డే ఎక్కువ పని చేస్తుంది, ఫ్యాన్లేమో నిద్రపోతుంటాయి. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండింటిలో ఏది ఎక్కువ వేడిగా ఉంటే దాన్ని చూసి తిరిగేలా పెట్టుకున్నాను. అప్పట్నుంచి ఎడిటింగ్ టైమ్‌లో మోత పెద్దగా తెలియదు, ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడే కాస్త వినిపిస్తుంది.

వెనక ఫ్యాన్‌కు ఎదురుగా రేకులోనే గుచ్చిన చిల్లుల గ్రిల్లు ఉంది. అది కూడా కోసేశాను. దీనికి మాత్రం మదర్‌బోర్డుతో సహా లోపలున్నవన్నీ బయటికి తీయాలి. రేకు పొడి ఒక్క రవ్వ బోర్డు మీద పడినా షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కోసిన అంచుకు కారు డోర్‌కు వేసే రబ్బరు బీడింగ్ తొడిగి, పిల్లల వేళ్లు పోకుండా పైన తీగ గార్డు బిగించాను. వేడిలో తేడా ఒక డిగ్రీ కూడా రాలేదు, ఈల లాంటి చప్పుడు మాత్రం పోయింది. మొదటిసారి చేసేవాళ్లు దీన్ని వదిలేయొచ్చు.

దుమ్ము మాటకొస్తే, మా ఇల్లు రోడ్డు పక్కనే. జాలీ పెట్టిన మొదటి నెల్లోనే లోపల బూడిద చల్లినట్టయింది. కిటికీలకు వేసే నైలాన్ దోమతెర కొని, అంచుల్లో అయస్కాంతం పట్టీ కుట్టించి జాలీ వెనక పెట్టాను. రెండు డిగ్రీలు పెరిగింది, అయినా ఉంచాను. ఇంకా సన్నటి గుడ్డ వేసి చూస్తే దుమ్ము ఆగింది కానీ గాలీ ఆగిపోయింది. రెండు వారాలకోసారి తెర తీసి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెడతాను. లోపల మాత్రం ఏడాదికోసారి, ఆయుధపూజ ముందురోజు బ్లోయర్‌తో శుభ్రం చేస్తాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగులు పాడవుతాయి.

పీకేసినవి కూడా చెప్పాలి. మొదటిది లైట్ల పట్టీ. దీని వెనక జిగురు 2023 మేలోనే వేడికి కరిగి, పట్టీ ఊడి గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్‌లో పడింది. టకటకమన్న చప్పుడుకు వెంటనే ఆపాను కాబట్టి రెక్క విరగలేదు. లైట్లు కావాలనుకునేవాళ్లు క్లిప్పులతో బిగించుకోండి. మూడు పిన్నుల పట్టీ 5 వోల్టులది, నాలుగు పిన్నులది 12 వోల్టులది. మొదటిదాన్ని రెండోదాని హెడర్‌కు గుచ్చితే కాలిపోతుంది.

రెండోది యాక్రిలిక్ డోర్. నేమ్ బోర్డులు చేసే షాపులో 3 మిల్లీమీటర్ల షీటు కోయించాను. మొదటి నెల చాలా బాగుంది. తర్వాత తుడిచిన ప్రతిసారీ గీతలు, తుడవగానే దుమ్మును మళ్లీ లాక్కోవడం, రెండో ఎండాకాలానికి మధ్యలో వంగడం. పాత రేకు డోరే మళ్లీ పెట్టేశాను. క్యాబినెట్‌కు వేసిన స్ప్రే పెయింట్ ఫర్వాలేదు, నేను రోజూ చేయి వేసే పై అంచున మాత్రం ఊడింది.

చిన్నవాటిలో బాగా నిలిచింది స్టాండు. చెక్క పలకకు నాలుగు చక్రాలు బిగించి క్యాబినెట్ దాని మీద పెట్టాను. కింద నుంచి గాలి లాగే ఎస్‌ఎంపీఎస్‌కు ఊపిరి ఆడుతుంది. ఇల్లు తడిగుడ్డ పెట్టేటప్పుడు మా ఆవిడ కాలితో పక్కకు తోసేస్తుంది, నీళ్లు తగలవు.

గాలి దారి సరయ్యాక 2023లో ప్రాసెసర్‌కు ఎత్తుగా ఉండే టవర్ కూలర్ వేశాను. కొనేముందు మదర్‌బోర్డు నుంచి డోర్ దాకా స్కేలు పెట్టి కొలిచి, 155 మిల్లీమీటర్లలోపు ఎత్తున్నదే తీసుకున్నాను. ఇప్పుడు గదిలో 36 ఉన్నా ఎక్స్‌పోర్ట్‌లో ప్రాసెసర్ 72 దాటదు, కార్డు 71 దగ్గర నిలుస్తుంది. మొన్న మేలో ఒకే వారంలో నాలుగు పెళ్లిళ్లు ఇచ్చాను. నాలుగో దాని ఎక్స్‌పోర్ట్ రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫైలు సిద్ధంగా ఉంది.

కొత్త క్యాబినెట్ కొనడానికి షాపుకు వెళ్లేవాళ్లు ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. ముందు పలక వెనకున్న ఫ్యాన్ల రెక్కలు స్పష్టంగా కనిపిస్తే తీసుకోండి. మా తమ్ముడికి గత నెల అలాగే చూసి తీసుకున్నాం, ఆ డబ్బాకు కత్తెర పెట్టాల్సిన పని పడలేదు.