లైవ్‌లో నెమలికంఠం, పార్సిల్‌లో ఇంకు నీలం: ఒక ఇన్‌స్టా చీరల షాపు రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయను. మంగళగిరి వైపు మగ్గాల దగ్గర నుంచి తెచ్చి అమ్ముకునే చిన్న కుటుంబం, ఇన్‌స్టాలో ఒక పేజీ, యూట్యూబ్‌లో లైవ్, వాట్సాప్‌లో ఆర్డర్లు, అదే వాళ్ళ షాపు, బోర్డు కట్టిన కొట్టంటూ ఎక్కడా లేదు. ఇలాంటి పేజీ ఒకటి చూస్తే చాలు ఫోన్ వరసపెట్టి ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది, అన్నిటి పద్ధతీ దాదాపు ఒకటే కాబట్టి పేరుతో పెద్దగా పనిలేదు. తొందరలో ఉన్నవాళ్ళకి మార్కులు ఇక్కడే వేసేస్తా: లైవ్‌కి ఐదుకి ఐదు, చీరలకి నాలుగు, డబ్బులు పడ్డాక వాళ్ళు పలికే తీరుకి ఒకటిన్నర.

లైవ్ గురించి కాస్త చెప్పాలి ఎందుకంటే అది నిజంగా చూడాల్సిందే. రాత్రి అన్నాలు తినే టైముకి మొదలవుతుంది, "హాయ్ అండీ అందరికీ, సౌండ్ క్లియర్‌గా వస్తోందా అండీ, వస్తే ఒక్క లైక్ కొట్టండి" అంటూ. లైవ్ పెట్టే అమ్మాయి మడత విప్పి చీర ఒళ్ళో పరుచుకుని, ఫోన్‌ని అంచు మీదకి తీసుకెళ్ళి నిజాం బోర్డర్‌లో చిన్న చిన్న గోపురాల్లాగా వచ్చే జరీ చూపిస్తుంది, బ్లౌజ్ పీస్ వస్తుందా రాదా, కొంగు ఎంత, ఇంట్లో ఉతకొచ్చా డ్రైవాష్‌కి ఇవ్వాలా, అన్నీ అడక్కముందే చెప్పేస్తుంది. ఏసీలో కూర్చోబెట్టి కూల్ డ్రింక్ ఇచ్చే పెద్ద షోరూముల్లో కూడా ఇంత ఓపిగ్గా చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు. రంగుల పేర్లయితే వంగపండు, ఉల్లిపొర, మెంతి, గంధం, కనకాంబరం, చక్కగా మన అమ్మమ్మలు చెప్పినట్టు చెప్తుంది, మధ్యలో వెనకనుంచి వాళ్ళ నాన్నగారు కాబోలు "అమ్మా ఆ చిలకపచ్చది వెళ్ళిపోయింది" అని కేకేస్తారు, వెంటనే ఈ అమ్మాయి "సారీ అండీ చిలకపచ్చ సోల్డ్ అవుట్, స్క్రీన్‌షాట్లు పెట్టకండి" అంటుంది. టీవీ సీరియల్ కట్టేసి మరీ దీన్ని చూసే ఇళ్ళు ఉన్నాయి, మా ఇల్లు అందులో ఒకటి.

ఒక్కటి మాత్రం నమ్మకండి, "సింగిల్ పీస్ అండీ, మళ్ళీ రాదు" అనే మాట. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కించారంటే దానిమీద వరసగా కొన్ని చీరలు దిగుతాయి, పేక, అంటే అడ్డదారం, రంగు మార్చుకుంటే తప్ప అన్నీ అక్కచెల్లెళ్ళే. అనుకున్నట్టే మళ్ళీ రాదన్న చీర తర్వాతి వారం "రీస్టాక్ అండీ, చాలామంది అడిగారని తెప్పించాం" అంటూ నవ్వుతూ వచ్చేసింది. అమ్ముకునేవాళ్ళు ఆ మాత్రం అంటారులెండి, కొట్లో అయినా అదే మాట, కాకపోతే కొట్లో మనం ఒక పూట ఆలోచించుకోడానికి బయటికొస్తాం, ఇక్కడ పక్కన కామెంట్లలో బుక్డ్ బుక్డ్ అని పరిగెడుతుంటే చెయ్యి ఆగదు.

నాకు అస్సలు నచ్చనిది రీల్స్‌లో ధర రాయకపోవడం. లైవ్‌లో చెప్తారు, రీల్‌లో మాత్రం "ప్రైస్ కోసం డీఎం చేయండి". కింద నాలుగొందల కామెంట్లుంటే మూడొందల తొంభై "ప్రైస్ ప్లీజ్". కామెంట్లు పెరిగితే రీల్ ఇంకా పదిమందికి వెళ్తుందని అలా చేస్తారని అందరికీ తెలిసిందే, పైగా ఒకరికి ఒక రేటు ఇంకొకరికి ఇంకో రేటు చెప్పే వీలు కూడా ఉంటుంది, వీళ్ళు అలా చేశారని నేను అనట్లేదు గానీ మా వదినకి వేరే పేజీలో అదే జరిగింది. చాలామందికి తెలియనిదేంటంటే 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు మొత్తం ధర ఎంతో ఒకే అంకెగా చూపించాలి, డెలివరీ ఛార్జీలతో సహా. ఇంట్లో వాడని చీర ఏదో ఒక్కసారి అమ్ముకునేవాళ్ళకి అవి వర్తించవు, కానీ రోజూ లైవ్ పెట్టి వ్యాపారం చేసేవాళ్ళు అలా తప్పించుకోలేరు.

ఆర్డర్ పెట్టడం చాలా తేలిక. ఇన్‌స్టాలో మనకి కార్ట్‌లో వేసుకుని అక్కడే డబ్బు కట్టే ఏర్పాటు లేదు కాబట్టి అందరూ చివరికి వాట్సాప్‌కే లాక్కెళ్తారు. స్క్రీన్‌షాట్ పంపితే వాట్సాప్ బిజినెస్ యాప్ నుంచి ఆటోమేటిక్‌గా "నమస్తే, మీ ఆర్డర్ నంబర్ త్వరలో" అని వస్తుంది, తర్వాత క్యూఆర్ కోడ్, కట్టాక అడ్రస్. క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు షాపు పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వచ్చింది, అది వాళ్ళ అన్నయ్యదట. చిన్న వ్యాపారాల్లో మామూలే, కానీ మీరైతే ఆ పేరుని, పేజీలో ఇచ్చిన నంబర్‌ని ఒకసారి సరిపోల్చుకోండి, సేమ్ ఫోటోలు దొంగిలించి సేమ్ పేరుకి ఒక చుక్కో గీతో తగిలించి నడిపే డూప్లికేట్ పేజీలు బోలెడు.

మా అత్తయ్యగారు గుంటూరులో ఉంటారు, ఆవిడకి యాప్‌లు పడవు, ఓటీపీ అంటేనే భయం, కానీ వాట్సాప్‌లో మాత్రం ఆవిడని ఎవరూ ఓడించలేరు, నాకు తెలీకుండానే ఒక చీర బుక్ చేసేసుకున్నారు. ఈ అలవాటుని ప్రభుత్వం కూడా కనిపెట్టింది, ఏపీలో 2025 జనవరి 30న మన మిత్ర అని వాట్సాప్‌లోనే సర్వీసులు మొదలెట్టారు కదా, మొదట 161తో. మా ఆడపడుచు కూతురి ఇంటర్ రిజల్ట్ అందులోనే హాయ్ అని కొట్టి చూసుకున్నారు, ఇదివరకులాగా సైట్ ఓపెన్ కాక నెట్ సెంటర్ ముందు నిలబడే పని తప్పింది. అంటే చీరల షాపైనా సర్కారైనా జనం ఎక్కడ కూర్చున్నారో అక్కడికే కుర్చీ వేసుకుని వస్తున్నారు, అది మంచిదే, నేనేం కాదనను.

సరే పార్సిల్. ప్యాకింగ్ బాగుంది, తడవకుండా లోపల ప్లాస్టిక్ కవర్, పైన గుడ్డ కుట్టి పంపారు. అత్తయ్యగారి చీర గంధం రంగుకి మెరూన్ అంచు, చేతికి తీసుకుంటేనే తెలిసిపోయింది మగ్గం మీదదే అని, రెండు అంచుల పొడవునా సూది గుచ్చినట్టు సన్నని కన్నాలు ఉన్నాయి, నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా సాగదీసి పట్టే కర్ర కొనల గుర్తులవి, చేత్తో నేసిన చీరకి ఇదో ఆనవాలంటారు. గంజి కూడా మరీ అట్టముక్కలాగా కాకుండా పెట్టాల్సినంతే పెట్టారు. ఆ ధరకి ఆ చీర హైదరాబాద్‌లో నాకు దొరకదు, ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

నాది మాత్రం నెమలికంఠం అని బుక్ చేసింది. కవర్ విప్పితే ఇంకుబుడ్డి నీలం. లైటింగ్ తేడా అని సరిపెట్టుకుందామంటే కుదరదు, నెమలికంఠంలో అటు తిప్పితే పచ్చ ఇటు తిప్పితే నీలం కొట్టాలి కదా, పడుగు ఒక రంగు పేక ఒక రంగు ఉంటేనే ఆ దోబూచులాట వస్తుంది, దీంట్లో రెండూ నీలమే. అంటే వేరే చీర వచ్చింది. వాళ్ళ రూల్ ఏంటంటే పార్సిల్ విప్పేటప్పుడు కట్ లేకుండా వీడియో తీసి ఉండాలి, లేకపోతే కంప్లయింట్ తీసుకోరు, మా అమ్మాయి మొదటి నుంచి చివరిదాకా తీసింది కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక్కడ నుంచి అసలు కథ. వాట్సాప్‌లో వీడియో పెట్టా, బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మళ్ళీ పెడితే ఆ ఆటోమేటిక్ నమస్తే. ఇన్‌స్టా డీఎం పెట్టా, చూశారు, జవాబు మాత్రం లేదు. ఫోన్ చేస్తే "లైవ్‌లో ఉన్నాం అండీ మెసేజ్ చేయండి". ఆర్డర్ పెట్టేటప్పుడు రాత్రి పదకొండుకి కూడా నిమిషంలో రిప్లై ఇచ్చిన నంబర్ ఇదే! లైవ్‌లో కామెంట్ పెట్టా, ఆ అమ్మాయి కళ్ళు అటు వెళ్ళడం నాకు కనిపించింది కూడా, ఆ కామెంట్ తర్వాత మాయం. చివరికి వాళ్ళ కొత్త రీల్ కింద, ఏమాత్రం కోపం లేకుండా, బుక్ చేసిన స్క్రీన్‌షాట్ ఫలానా రంగు, వచ్చింది ఫలానా రంగు, వీడియో ఉంది, ఎప్పటినుంచో అడుగుతున్నాను అని రాశా. కింద ఇంకో ఇద్దరు "నాక్కూడా అక్కా" అన్నారు. అప్పుడు చూడాలి స్పీడు, "మేడమ్ గారూ సారీ అండీ డీఎం చేయండి ప్లీజ్, వెంటనే చూస్తాం".

చిన్న షాపు, మనుషులు తక్కువ అని జాలిపడొచ్చు, నాకూ అనిపించింది. కానీ పెద్ద పెద్ద కంపెనీలదీ ఇదే వరస కదా, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే తొమ్మిది నొక్కండి అని గంటసేపు పాట వినిపిస్తారు, అదే ఎక్స్‌లో (పాత ట్విట్టర్) వాళ్ళ హ్యాండిల్‌ని ట్యాగ్ చేసి పోస్ట్ పెడితే టకటకా వస్తారు. నలుగురి ముందు అడిగితేనే పలకడం అనేది ఇప్పుడు వీళ్ళందరి సర్వీస్ పద్ధతి అయిపోయింది, దానికి సోషల్ మీడియా టీమ్ అని ఒక పేరు. ఫాలోవర్లు లేనివాళ్ళు, రాయడం రానివాళ్ళు, మా అత్తయ్యగారిలాగా పబ్లిగ్గా మాట పడేయడానికి మొహమాటపడేవాళ్ళు ఏం చేయాలి? రైల్వే వాళ్ళని మాత్రం ఈ విషయంలో మెచ్చుకోవాలి, రైల్వే సేవా హ్యాండిల్ ఒకటే కాకుండా 139కి ఫోన్, ఫిర్యాదులకి రైల్ మదద్ అనే యాప్ కూడా పెట్టారు, అంటే సోషల్ మీడియా ఒక దారి, అదొక్కటే దారి కాదు. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు, రోడ్డు పక్కన భోజనాలు అమ్ముతూ వైరల్ అయిన కుమారి ఆంటీ డైలాగ్‌తో "మీది మొత్తం 1000 అయింది, యూజర్ ఛార్జెస్ ఎక్స్‌ట్రా" అని పెట్టినప్పుడు మేం కూడా పడీపడీ నవ్వాం, బాగుంది, కానీ ఏ ఆఫీసుకైనా మీమ్ వేయడం వేరు, కింద అడిగినవాడికి జవాబివ్వడం వేరు.

ఇంకో ప్రమాదం. పబ్లిగ్గా కంప్లయింట్ పెట్టగానే అసలువాళ్ళకంటే ముందు దొంగలు వస్తారు. కంపెనీ లోగోతో, "మేడమ్ మీ నంబర్ ఇవ్వండి రీఫండ్ చేస్తాం" అని, తర్వాత లింకు, తర్వాత ఏదో యాప్ వేసుకోమంటారు. ఎక్స్‌లో బ్లూ టిక్ డబ్బులు కడితే వచ్చేస్తుంది 2023 నుంచి, దాన్ని చూసి నమ్మడానికి లేదు. నా కామెంట్ కింద కూడా ఒకడు తయారయ్యాడు, షాపు ఫోటోనే పెట్టుకుని. ఫోన్ నంబర్, ఆర్డర్ వివరాలు కామెంట్లలో ఎప్పుడూ రాయకండి, రీఫండ్ రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పటికీ ఉండదు, పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మళ్ళీ నా చీర. మొదట "మేం ఎక్స్చేంజ్ ఇవ్వం, పేజీ బయోలో నో రిటర్న్ అని రాసే ఉంది కదా" అన్నారు. నేను గొడవ పడలేదు, పైన చెప్పిన ఆ 2020 నిబంధనల్లోనే ఇంకో ముక్క ఉంది, చూపించినదానికీ పంపినదానికీ పొంతన లేకపోతే వెనక్కి తీసుకోవడానికి అమ్మినవాళ్ళు ఒప్పుకోను అనకూడదు, అది వాట్సాప్‌లో నెమ్మదిగా రాశా. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, వాళ్ళకి వాట్సాప్ నంబర్ కూడా ఉంది 8800001915, అక్కడికి వెళ్తానని కూడా రాశా. బయోలో మనం ఏం రాసుకుంటే అదే చట్టం అనుకుంటున్నారు చాలామంది, పాపం వాళ్ళకీ ఎవరూ చెప్పలేదేమో. కాసేపటికి ఆ లైవ్ అమ్మాయే స్వయంగా ఫోన్ చేసింది, "అక్కా ప్యాకింగ్ దగ్గర మా తమ్ముడు కవర్లు మార్చేశాడు, మెసేజ్‌లు చూసేది కూడా వాడే, ఏమనుకోకండి" అని. కొరియర్ ఖర్చు వాళ్ళే పెట్టుకుని మార్చి పంపారు. వచ్చిన నెమలికంఠం అచ్చం లైవ్‌లో చూపించినట్టే ఉంది, ఎండలోకి తీసుకెళ్తే ఇంకా బాగుంది.

అన్నట్టు ఈ పేజీ నాకు తెలిసిందే ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ వీడియోలో, "నేనెప్పుడూ వీళ్ళ దగ్గరే కొంటా" అని కళ్ళు పెద్దవి చేసి చెప్పింది. అది పెయిడ్ అని ఎక్కడా లేదు, తర్వాత చూస్తే అదే కళ్ళతో వేరే పేజీ గురించి అదే మాట. డబ్బో సరుకో తీసుకుని ప్రమోట్ చేస్తే ఆ సంగతి కనపడేలా చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో గైడ్‌లైన్స్ ఇచ్చింది, తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారికే పది లక్షల దాకా ఫైన్ కూడా ఉంది. ఈ రివ్యూకి నాకెవరూ ఏమీ ఇవ్వలేదు, చీరలు రెండూ మా డబ్బులే.

మళ్ళీ వాళ్ళ దగ్గర కొంటానా అంటే కొంటా, అత్తయ్యగారు ఎలాగూ ఆగరు. కాకపోతే రంగు పేరు వాట్సాప్‌లో నేనే టైప్ చేసి వాళ్ళ చేత ఓకే అనిపించుకుని అప్పుడు డబ్బు కొడతా, ధర రాయని రీల్ అయితే స్క్రోల్ చేసేస్తా. వాళ్ళకి కూడా ఒక మాట చెప్పా, లైవ్‌కి ఒక మనిషిని పెట్టారు, ప్యాకింగ్‌కి ఒకళ్ళని పెట్టారు, కొన్నవాళ్ళ మెసేజ్‌లకి కూడా వేరే ఒకళ్ళని పెట్టండి, రోజుకి ఒక గంట చాలు అని. "పెడతాం అక్కా, మా అమ్మకి నేర్పిస్తున్నా" అంది.

దసరాకి ఉప్పాడ జమ్‌దానీ తీసుకోవాలని ఉంది, ధర రీల్ మీదే రాసి పెట్టి, అమ్మాక కూడా ఫోన్ ఎత్తే పేజీ మీకేదైనా తెలిస్తే చెప్పండి.