చెత్త కుండీనా, చెత్త బండా? కాలనీకి ఏది మేలు?

నల్లగొండలో కొత్త కాలనీలు పెరిగిన కొద్దీ ఈ ప్రశ్న ఎక్కువైంది. మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ నుంచి కూడా ఇదే అడుగుతున్నారు: మున్సిపాలిటీని పట్టుబట్టి కాలనీ మూల మీద పెద్ద కుండీ పెట్టించుకోవాలా, ఇంటింటికీ వచ్చే బండి చాలా? మా కాలనీ సంఘంలో ఈ మధ్యే దీని మీద గట్టిగా మాట్లాడుకుని బండి వైపే నిలబడ్డాం. తడి, పొడి వేరు చెయ్యాలన్నది కేంద్రం తెచ్చిన 2016 చెత్త నిబంధనల నుంచి అందరూ వింటున్నదే, దాని జోలికి పోను.

కుండీ కావాలనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. పొద్దున్నే తాళం వేసి డ్యూటీకి పోయేవాళ్లు, ఇద్దరూ ఉద్యోగం చేసే దంపతులు, నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకునేవాళ్లు బండి కోసం గుమ్మంలో కాచుకోలేరు. "అన్నా, బండి వచ్చేసరికి మేం బస్సుల ఉంటం, చెత్త ఎవరు ఇయ్యాలె?" అని అడిగితే జవాబు చెప్పాల్సిందే. కుండీ ఉంటే రాత్రి పదింటికైనా వేసి రావచ్చు.

కుండీ సైజు పెద్ద సమస్య కూడా కాదు, లెక్క వేసి చూడండి. మన పట్టణాల్లో మనిషికి రోజుకు 350 గ్రాముల చెత్త అనుకుంటే, ఇంటికి నలుగురు చొప్పున 100 ఇండ్లకు 140 కిలోలు. అన్నీ కలిసిన చెత్త క్యూబిక్ మీటరుకు 400 కిలోలు తూగుతుందనుకున్నా, చక్రాలుండి కంపాక్టర్ లారీ (చెత్తను నొక్కి కుదించే లారీ) ఎత్తే 1,100 లీటర్ల కుండీలో ఇది మూడో వంతే. రోజూ ఎత్తితే దర్జాగా సరిపోతుంది. ఒక పండగో, లారీ రిపేరో వచ్చి వరసగా మూడు రోజులు ఎత్తకపోతే మాత్రం కుండీ నిండి చెత్త రోడ్డు మీదికొస్తుంది. కుక్కలు కవర్లు చింపుతాయి, ఆవులు ఆ ప్లాస్టిక్ తింటాయి, వాసన భరించలేక ఎవరో ఒకరు అగ్గి పెడతారు. బయట చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది, కానీ అర్ధరాత్రి అంటించినవాణ్ని పట్టుకునేదెవరు?

అయినా నా దృష్టిలో అసలు తేల్చేది ఇది కాదు. తడి చెత్త వంటింట్లోంచి బయటికొచ్చాక ఎన్ని గంటలు నిలవ ఉంటుందన్నదే చూడాలి. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 దాటుతుంది. బత్తాయి తొక్కలు, మామిడి టెంకలు, మిగిలిన అన్నం పొద్దున వేస్తే సాయంత్రానికే పులిసిపోతాయి. ఈగ పెట్టిన గుడ్డు ఒక్క రోజులోనే పురుగవుతుంది, ఆ పురుగు మళ్లీ ఈగ కావడానికి మాత్రం వారం పైనే పడుతుంది. అంటే ఏ రోజు చెత్త ఆ రోజు ఊరు దాటిస్తే ఈ చక్రం మధ్యలోనే తెగిపోతుంది. కుండీలో అది తెగదు, ఎందుకంటే లారీ పైన ఉన్నదంతా గుమ్మరించుకుని పోయినా అడుగున అంటుకున్న ముద్ద అట్లాగే ఉంటుంది. దాన్ని కడిగే పని ఎవరికీ అప్పజెప్పరు. రోజూ ఎత్తే కుండీ దగ్గర కూడా ఈగలు తగ్గకపోవడానికి కారణం ఇదే.

బండి మేలే, కానీ ఒక షరతు మీద. దానికి కచ్చితమైన టైం ఉండాలి. ఒకరోజు ఏడింటికి, ఇంకోరోజు పదకొండింటికి వస్తే కుండీ లేని కాలనీలో పక్కనున్న ఓపెన్ ప్లాటే కుండీ అవుతుంది. చాలా చోట్ల బండి ఫెయిల్ అయిందని చెప్పేది ఇందుకే, తప్పు డ్రైవరుది కూడా కాదు. ఇంటికి ఒక్క నిమిషం వేసుకున్నా 100 ఇండ్లకు గంటా నలభై నిమిషాలు. అదే ఆటోకు 300 ఇండ్లు అప్పజెప్పితే ఐదు గంటలు, డంపింగ్ యార్డుకు పోయి వచ్చే టైం వేరే. చివరి గల్లీకి చేరేసరికి పన్నెండవుతుంది, అప్పటికి ఇండ్లలో ఎవరుంటారు? కాబట్టి మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టేటప్పుడు బండి పంపమని రాస్తే సరిపోదు, ఏ గల్లీకి ఏ టైంకి వస్తుందో రాసిమ్మని అడగండి. మేం అడిగింది అదే.

తొందరగా పోయేవాళ్ల కోసం సంఘం గది పక్కన రేకుల నీడలో చక్రాల డబ్బాలు పెట్టాం, 240 లీటర్లవి, తడికి ఆకుపచ్చ, పొడికి నీలం. రాత్రి కొంతసేపు, తెల్లవారి కొంతసేపు వాచ్‌మెన్ తాళం తీస్తాడు. పొద్దున అదే బండిలో ఖాళీ చేయించి వెంటనే కడిగిస్తాం. దీంతో కుండీ అడిగినవాళ్లకూ ఇబ్బంది తీరింది.

కుండీ లేకుండా ఊరు నడవదు అనేవాళ్లు పక్కనున్న సూర్యాపేటను గుర్తు చేసుకోవాలి. అది మన నల్లగొండ జిల్లాలోనే ఉన్నప్పుడు, 2003 ప్రాంతంలో, రోడ్డు మీద చెత్త కుండీ లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. ఇండ్ల దగ్గరే తడి, పొడి విడిగా తీసుకుని, తడిదాన్ని వానపాముల ఎరువుకు, పొడిదాన్ని అమ్మకానికి పంపేవాళ్లు. లక్ష జనాభా ఉన్న ఊళ్లో అయిన పని 100 ఇండ్ల కాలనీలో ఎందుకు కాదు?

మిగతా పద్ధతుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పాత బస్తీల ఇరుకు గల్లీల్లోకి ఆటో పోదు, అక్కడ మూడు చక్రాల రిక్షాయే దిక్కు. భూమిలోపల పెట్టే కుండీలు ఖర్చెక్కువ, ఎత్తడానికి క్రేన్ బండి కావాలి, మనకు అక్కర్లేదు. పెరడు ఉంటే ఇంట్లో కంపోస్ట్ చేసుకోండి, మంచిదే, కానీ పొడి చెత్తకు, డైపర్లకు ఎట్లాగూ బండి రావాల్సిందే. పల్లెల్లో పంచాయతీ ట్రాక్టర్ ఉంది, అది వచ్చే రోజులు ముందే చాటింపు వేయిస్తే చాలు.

టైం రాసివ్వడానికి మున్సిపాలిటీ ఎంత అడిగినా ఒప్పుకోకపోతే అప్పుడు కుండీయే అడగండి. అయితే రోజు వచ్చే చెత్తకు కనీసం రెండింతలు పట్టేది అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ కింద, మోరీ మీద, స్కూలు గేటు పక్కన వద్దు. లారీ ఎత్తేటప్పుడు పైన కరెంటు తీగలు తగలని చోట, కింద సిమెంటు గచ్చు వేయించి పెట్టించండి. వారానికి ఒకసారి కడిగే మనిషి ఎవరో, ఆ కూలి ఎవరిస్తారో కుండీ దిగకముందే తేల్చుకోండి.