గృహజ్యోతి సున్నా బిల్లా, డాబా మీద సోలారా?

హైదరాబాద్‌లో తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి కరెంటు బిల్లు తగ్గించుకునే దారులు రెండున్నాయి: 2024లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి, కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకం రాయితీతో డాబా మీద పెట్టించుకునే సోలార్ ప్యానెళ్లు.

గృహజ్యోతికి పెట్టుబడి అక్కర్లేదు, అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. సోలార్‌కు 2 కిలోవాట్లకు రూ. 60,000, 3 కిలోవాట్లకు రూ. 78,000 రాయితీ వచ్చినా, మిగతా సొమ్ము మనమే పెట్టుకోవాలి.

గృహజ్యోతిలో అసలు చిక్కు నెలకు 200 యూనిట్ల దగ్గర ఉంది. అంతవరకు బిల్లు సున్నా. 210 వాడితే మాత్రం పై పదింటికే కాక మొత్తానికీ కట్టాలి, పైగా శ్లాబు మారడం వల్ల 2022–23 టారిఫ్ ప్రకారం మొదటి 200 యూనిట్లకు రూ. 5.10, ఆపైవాటికి రూ. 7.70 చొప్పున వాడకం చార్జీ ఒక్కటే రూ. 1,097 అవుతుంది. మే నెలలో ఏసీ ఉన్న ఇంట్లో ఆ గీత దాటడం ఎంతసేపు!

సోలార్‌కు అలాంటి గీత లేదు. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి, మబ్బుపట్టిన జులైలో తగ్గుతాయి, మిగిలినవి నెట్ మీటర్ (గ్రిడ్‌కు పంపినదీ, తీసుకున్నదీ లెక్కించే మీటర్) ద్వారా బిల్లులో సర్దుబాటవుతాయి. ప్యానెళ్ల దుమ్ము కడగడం చిన్న పనే. అపార్ట్‌మెంట్ టెర్రస్ ఉమ్మడిది కాబట్టి అసోసియేషన్‌ను ఒప్పించడమే పెద్ద పని.

వేసవిలోనూ 180 యూనిట్లు దాటని ఇంటికి గృహజ్యోతి చాలు; సొంత డాబా ఉండి, ఏడాది పొడవునా 300 దాటేవారికి సోలారే మేలు.