కుమారుడి పేరిట ఉపకార వేతనం: బ్రాడీపేట నిధి పనితీరుపై సమీక్ష

ఇంజినీరింగ్ చదువుతూ రోడ్డు ప్రమాదంలో మరణించిన కుమారుడి పేరిట, గుంటూరు బ్రాడీపేటలో తల్లిదండ్రులు, అతని సహాధ్యాయులు కలిసి ఒక ఉపకార వేతన నిధిని నడుపుతున్నారు. ప్రచారం వద్దని ఆ కుటుంబం కోరినందున పేరు రాయడం లేదు. నేను జూనియర్ కళాశాల అధ్యాపకుణ్ణి. నా విద్యార్థుల దరఖాస్తులు అక్కడికి పంపుతుంటాను, నా వంతు విరాళమూ ఇస్తుంటాను. కాబట్టి ఆ నిధి పనితీరును రెండు వైపుల నుంచీ చూడగలిగాను.

అన్నింటికన్నా నాకు నచ్చింది డబ్బు చేరే తీరు. సభ పెట్టి, శాలువాలు కప్పి, పిల్లల చేతికి తలుపంత చెక్కు ఇచ్చి ఫొటోలు తీయించే ఆనవాయితీ ఇక్కడ లేదు. పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్‌లోనో సీటు వచ్చిన విద్యార్థి ఫీజు చలానా చూపితే ఆ మొత్తం నేరుగా కళాశాల ఖాతాకు వెళ్తుంది. పుస్తకాలు, బస్సు పాసు ఖర్చు మాత్రం విద్యార్థి ఖాతాలో పడుతుంది. నేను పంపిన ఒక అమ్మాయి తండ్రి మిర్చి యార్డులో హమాలీ. "మీరు పని మానుకుని రానక్కర్లేదండీ, రశీదు వాట్సాప్‌లో పెట్టండి చాలు" అని నిర్వాహకులు ఆయనతో ఫోనులో చెప్పడం నేను పక్కనుండి విన్నాను. సీజనులో ఒక పూట కూలి పోవడమంటే ఏమిటో తెలిసినవారే అలా మాట్లాడగలరు.

లెక్కల విషయంలోనూ వంక పెట్టడానికి లేదు. ఒక పెద్దాయన ఐదు వేలు నగదుగా ఇవ్వబోతే, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రాదని చెప్పి చెక్కు అడిగారు. అసలు సొమ్ము కదపకుండా వడ్డీ మీదనే నడపాలన్నది వారి నియమం. పది లక్షలకు 7 శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి చేతికందేది 70,000 రూపాయలే కనుక, ఎంపికయ్యేవారు తక్కువగా ఉండటాన్ని తప్పు పట్టలేము.

నిధి తరఫున జరిపే రక్తదాన శిబిరాన్ని కుమారుడి వర్ధంతి నాడు కాక మే నెలలో పెట్టడం ఆలోచించి చేసిన పని. కళాశాలలకు సెలవులిస్తే దాతలు తగ్గిపోతారు. ముందే సేకరించి ఉంచుదామంటే ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులకు మించి నిల్వ ఉండవు. అయితే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు లేక వెనుదిరిగిన ఆడపిల్లలకు కనీసం ఒక వైద్యుడి సలహా అయినా అక్కడే ఇప్పించి ఉండవలసింది.

నాకు బొత్తిగా నచ్చనిది పునరుద్ధరణ నిబంధన. ఒక్క సబ్జెక్టు తప్పినా మరుసటి ఏడాది సాయం ఆగిపోతుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టరు గణితంలో తడబడటం అధ్యాపకులందరికీ తెలిసిన సంగతే. సప్లిమెంటరీ ఫలితాలు వచ్చేదాకా ఆగితే నిధికి పోయేదేమీ లేదు. ఈ మాట నిర్వాహకులకు ఉత్తరంగా రాశాను, పరిశీలిస్తామన్నారు.

దరఖాస్తు ఒక్క పేజీయే. ఆదాయ ధ్రువపత్రానికి మాత్రం, సీటు వచ్చేదాకా ఆగకుండా, ముందుగానే సచివాలయంలో అర్జీ పెట్టుకోవడం మంచిది.