పుర్రె బొమ్మ పెన్‌డ్రైవ్: మెక్సికో కమాండోల కథ కొనాలా, వద్దా?

రావులపాలెం సెంటర్లో సెల్ షాపుల దగ్గర, సిద్ధాంతం వంతెన దాటాక హైవే పక్క టీ కొట్లలో, భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల మేత దుకాణాల బయట ఈ పెన్‌డ్రైవ్ వేలాడదీసి అమ్ముతున్నారు. నల్ల కవరు, మధ్యలో పుర్రె, దాని కింద ఎర్రగా 'జెడ్' అక్షరం. తయారు చేసినవాళ్ల పేరు లేదు, చదివిన గొంతు ఎవరిదో లేదు. లోపల పద్దెనిమిది భాగాల తెలుగు ఆడియో. సైన్యంలో ప్రత్యేక దళం వదిలేసి మెక్సికో మత్తుమందుల ముఠాలో చేరిన ఒక సైనికుడి కథ. అడిగేది 250 రూపాయలు, కాస్త గట్టిగా బేరమాడితే 200కి ఇస్తారు. రాత్రిళ్లు అరటి లోడు తోలే డ్రైవర్లు, చెరువు గట్ల మీద కాపలా ఉండేవాళ్లు దీన్ని బాగా కొంటున్నారు.

కొనబోయేవాళ్లకు ముందే చెప్పేస్తే మేలు. మొదటి రెండు భాగాలు దాటేయండి. మూడు నుంచి పది దాకా శ్రద్ధగా వినండి. పదకొండు నుంచి విన్నా నమ్మకండి.

ముందు వస్తువు సంగతి. రాసింది 8 జీబీ అని, ఆడియో పట్టేది అర జీబీకి కాస్త ఎక్కువ. ఒక్కో భాగం అరగంట, 128 కేబీ నాణ్యత ఎంపీత్రీ. లారీ డెక్కుకి ఇది చాలు. అసలు ఇబ్బంది ఫైళ్ల పేర్లతోనే. 1, 2, 3 అని పెట్టారు. చాలా పాత డెక్కులు అక్షర క్రమంలో చదువుతాయి కాబట్టి ఒకటి అయ్యాక పది, పదకొండు, పన్నెండు వస్తాయి. రెండో భాగం వచ్చేసరికి కథానాయకుడు చచ్చిపోయి ఉంటాడు. కంప్యూటర్లో పెట్టి 01, 02 అని పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. కొన్ని షాపుల్లో ఇవే ఫైళ్లను 64 జీబీ డ్రైవులో సినిమా పాటలతో కలిపి ఇస్తున్నారు. అంత పెద్దవి మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, ఫ్యాట్ 32 మాత్రమే తెలిసిన డెక్కు వాటిని గుర్తించదు. షాపు వదిలే ముందే బండిలో పెట్టి చూడండి. ఉప్పు చెరువుల దగ్గర వాడేవాళ్లు మూత పోగొట్టుకోకూడదు. ఆ గాలికి కొన కనెక్టరు తొందరగా మసకబారుతుంది, తర్వాత పాట మధ్యలో ఆగి ఆగి వస్తుంది. ఇంకోటి: చెరువు దగ్గర రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్ పెట్టకండి. వెనక సంగీతం అంత హోరుగా ఉంది కాబట్టి చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటరు ఆగినా వినపడదు. తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటరు వేయక, రొయ్య ఒడ్డుకి తేలితే ఆ నష్టం ముందు రెండు వందల యాభై ఏ మూలకి?

ఇక కథ. మొదటి భాగం పేరే 'మాజీ కమాండో ప్రతీకారం'. పేరులో ఉన్న మూడు మాటల్లో రెండు తప్పు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అక్కడ ఈ 'మాజీ' అనే మాట వినిపిస్తే ఎవరూ ఊరుకోరు. మాజీ సైనికుడంటే లెక్క ప్రకారం సర్వీసు చేసి, డిశ్చార్జి పుస్తకం చేతికి తీసుకుని, పెన్షనూ క్యాంటీన్ కార్డూ ఉన్న మనిషి. ఈ కథలోని వాళ్లు దళం నుంచి పరారైనవాళ్లు. మన దగ్గరైతే 1950 నాటి ఆర్మీ చట్టం 38వ సెక్షను కింద కోర్టు మార్షల్ అయ్యే రకం. పద్దెనిమిది భాగాల్లో 'పరారీ' అన్న మాట ఒక్కసారి కూడా రాదు. దాంతో కథ అర్థమే మారిపోయింది.

ఎలాగంటే, ఆడియోలో అధికారులు హీరో తమ్ముణ్ణి చంపుతారు, వాడు పగబట్టి ముఠాలో చేరతాడు. అసలు మనిషి అర్తురో గుస్మాన్ దెసేనా. 1976లో ప్వెబ్లా రాష్ట్రంలో పుట్టి, గాఫే అనే ప్రత్యేక దళంలో పనిచేశాడు. ఆ దళం 1986 ఫుట్‌బాల్ ప్రపంచకప్ భద్రత కోసం కూర్చిన జట్టుతో మొదలైంది, 1994లో చియాపాస్ తిరుగుబాటు మీదకి వెళ్లింది. తర్వాత అందులో కొందరిని మత్తుమందుల వేట కోసం ఫెడరల్ పోలీసులకు జోడించి అమెరికాని ఆనుకుని ఉన్న తమౌలీపాస్ రాష్ట్రానికి పంపారు. పట్టుకోవాల్సినవాళ్ల మధ్యే, తక్కువ జీతంతో, నెలలకొద్దీ ఉంచారు. గుస్మాన్ దెసేనా పారిపోక ముందునుంచే లంచాలు తీసుకుంటున్నాడు. 1997లో దళం వదిలేసి గల్ఫ్ ముఠా (మనవాళ్లు వెళ్లే గల్ఫ్ కాదు, మెక్సికో సింధుశాఖ తీరం ముఠా) నాయకుడు ఒసీయెల్ కార్దెనాస్ గియెన్ దగ్గర చేరాడు. ఇందులో పగ ఎక్కడా లేదు. డబ్బుంది, పరిచయముంది, ఎవరూ అడ్డుకోకపోవడం ఉంది. తమ్ముడి శవం మీద పడి ఏడ్చే పదకొండు నిమిషాలు మన సినిమాల్లోంచి ఎత్తి తెచ్చి అతికించారు.

మూడో భాగం నుంచి రాసిన చెయ్యి మారినట్టుంది. ఒసీయెల్‌కి 'స్నేహితుల్ని చంపేవాడు' అనే పేరు ఎలా వచ్చిందో, తన భాగస్వామినే ఎలా చంపించాడో, ప్రాణభయంతో చుట్టూ సైనికుల్ని ఎందుకు పెట్టుకున్నాడో చక్కగా చెప్పారు. ఒకడొచ్చి తనకు తెలిసిన ఇద్దరిని పిలవడం, వాళ్లు ఇంకో నలుగురిని పిలవడం, అలా ముప్పై పైచిలుకు అవడం. సాధారణంగా వినిపించే లెక్క ముప్పై ఒకటి. ఈ దళం పేరే సేతాస్, అంటే స్పానిష్‌లో 'జెడ్'లు. 'జెడ్' అక్షరం పోలీసు రేడియోలో పై అధికారుల పిలుపు సంకేతం నుంచి వచ్చిందని, గుస్మాన్ దెసేనా జెడ్-1 అని కూడా సరిగ్గానే చెప్పారు. ఐదో భాగంలో 1999 నవంబరులో మాతామోరోస్ అనే సరిహద్దు పట్టణం వీధిలో ఇద్దరు అమెరికా ప్రభుత్వ ఏజెంట్ల కారును ఒసీయెల్ మనుషులు చుట్టుముట్టిన ఘట్టం ఉంది. దానికి సంగీతం లేదు. మాటలే. మొత్తంలో గొప్ప అరగంట అదే.

ఏడో భాగం రేడియోల మీద. కమాండోలు ముఠాకి ఏం తెచ్చారని అడిగితే అందరూ తుపాకీ అంటారు. తుపాకులు అమెరికా సరిహద్దు అవతల కొన్నవే ఎక్కువ. సేతాస్ స్థాపకుల్లో ఒకడైన రెహోన్ అగిలార్ 2011లో పట్టుబడ్డాక పోలీసు వీడియోలో ఆ మాటే చెప్పాడు. సైనికులు తెచ్చింది పని పద్ధతి. కాపలా వంతులు, ముందే దారి చూసి రావడం, ఎవరు ఎవరికి చెప్పాలన్న వరస, సొంత రేడియో వ్యవస్థ. కొండల మీద, అడవుల్లో యాంటెన్నాలు, సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రిపీటర్లు, వాటికి సోలార్ పలకలు. 2011లో మెక్సికో నౌకాదళం వెరాక్రూస్ రాష్ట్రంలో వాటిని పీకేసింది. సెల్ టవరు ఉండగా ఇదంతా ఎందుకని వినేవాళ్లకి అనిపిస్తుంది, ఆడియో కారణం చెప్పదు. ఫోను కంపెనీ దగ్గర ఏ నంబరు ఎవరితో ఎప్పుడు మాట్లాడిందో లెక్క ఉంటుంది, సొంత రేడియోకి ఆ లెక్క ఉండదు. చేతి సెట్టు తరంగం ఎదురుగా అడ్డు లేనంత దూరమే పోతుంది. అంతర్వేది దగ్గర పడవల్లో వాడేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మన పల్లపు నేల మీద ఒక ఎత్తు కర్ర చాలు. వాళ్లకి అడ్డంగా కొండలున్నాయి కాబట్టి ప్రతి మిట్టా ఒక రిపీటరు అడిగింది.

ఎనిమిదో భాగంలో 2008 నాటి బ్యానర్లు వస్తాయి. సరిహద్దు పట్టణం న్వేవో లారెదోలో ముఠా బహిరంగంగా గుడ్డ కట్టి, సైనికులారా, మాజీ సైనికులారా రండి, మంచి జీతం, భోజనం, మీ ఇంటివాళ్లకి అండ ఉంటాయని, ఇక కప్పు నూడిల్స్ తినక్కర్లేదని పిలిచింది. ఈ ఒక్క గుడ్డ ముక్క మొదటి రెండు భాగాల ఏడుపుకి సరైన జవాబు. రాసినవాళ్లు దీన్ని గ్రహించలేదు, నవ్వు తెప్పించే సంగతిలా చెప్పి వదిలేశారు.

అనువాదం గురించి చెప్పకపోతే కొన్నవాళ్లు తికమకపడతారు. 'ప్లాజా కోసం కొట్టుకున్నారు' అని పదే పదే వస్తుంది. హైవే మీద వినేవాడికి ప్లాజా అంటే టోలు గేటు. ఇక్కడ అర్థం ఇలాకా: ఒక ఊళ్లో సరుకు దాటించే హక్కు, వసూళ్ల హక్కు. 'అంతస్తు పన్ను' అని ఒకటి ఉంది, వినగానే మేడ మీద మేడకి పంచాయతీ వేసే పన్నులా ఉంటుంది. అది దుకాణాల దగ్గర బలవంతంగా గుంజే మామూలు. సంతలో ఆశీలు వసూలు చేసినట్టు, కాకపోతే పాటదారు చేతిలో రసీదు పుస్తకం బదులు తుపాకీ. 'డేగలు ఊరంతా తిరిగాయి' అన్నచోట గోదావరి జిల్లాలవాళ్లకి ముందు గుర్తొచ్చేది సంక్రాంతి బరిలో కోడి. అక్కడ డేగలంటే వీధి మలుపుల్లో నిలబడి సైన్యం బండి వస్తే కబురు పెట్టే కుర్రాళ్లు. పేర్ల సంగతీ అంతే. జాలిస్కో కాదు హాలిస్కో, ట్రెవినో కాదు త్రెవీన్యో, జీటాస్ కాదు సేతాస్. చదివినాయన గొంతు గంభీరమైనదే గానీ ఒక్కో భాగంలో ఒక్కో రకంగా పలకడంతో ఒకే మనిషి ముగ్గురు మనుషులు అయిపోతున్నాడు.

పదకొండు నుంచి పని పూర్తిగా చెడింది. గుస్మాన్ దెసేనా 2002 నవంబరులో మాతామోరోస్‌లో చనిపోయాడు. 2003 మార్చిలో ఒసీయెల్ పట్టుబడ్డాడు. జెడ్-3 ఎరిబెర్తో లస్కానో నాయకుడయ్యాడు. 2010లో ఈ దళం గల్ఫ్ ముఠాతో తెగదెంపులు చేసుకుని విడిగా నిలబడింది. ఇంతవరకూ ఆడియో, వాస్తవం కలిసే నడుస్తాయి. ఆ తర్వాత ముఠాలో ఎవడు కనిపించినా 'ఆ కమాండో' అనే అంటారు. అదే పెద్ద అబద్ధం. ముప్పై ఒక్కమందిలో ఏటా కొందరు చస్తూ, కొందరు జైలుకి పోతూ ఉంటే ఆ ఖాళీల్లోకి కొత్త కమాండోలు రారు. సైన్యానికైతే శిక్షణ కేంద్రం ఉంటుంది, ఏటా బ్యాచి వస్తుంది. ముఠాకి అది లేదు. పోలీసులని, వీధి కుర్రాళ్లని, గ్వాతెమాలా నుంచి కైబిళ్లని తెచ్చుకున్నారు. కైబిళ్లంటే ఆడియో చెప్పినట్టు అడవి జాతి కాదు, ఆ దేశ సైన్యపు ప్రత్యేక దళం. అక్కడి మామ్ అనే మూలవాసి ప్రజల పాతకాలపు నాయకుడు కైబిల్ బలామ్ పేరు పెట్టుకున్నారు. లస్కానో తర్వాత పగ్గాలు పట్టిన జెడ్-40 మిగెల్ ఆంహెల్ త్రెవీన్యో మొరాలెస్ అసలు సైన్యంలో పనిచేయనే లేదు. అతనికి పారాచూట్ దూకుడు ఘట్టం రాశారు, అరగంట!

అమెరికా శిక్షణ గొడవ కూడా ఇక్కడే. గాఫే సైనికులు కొందరు 1990లలో అమెరికాలో శిక్షణ పొందిన మాట నిజం. అంతమాత్రాన 'ముప్పై ఒక్కమందినీ అమెరికానే తయారు చేసింది' అని చెప్పడం కుదరదు. దళానికి అందిన శిక్షణ వేరు, పరారైన ఫలానా మనిషికి అందిన శిక్షణ వేరు.

పద్నాలుగో భాగం 2010 ఆగస్టు సాన్ ఫెర్నాందో మీద. అమెరికాకి దారి వెతుక్కుంటూ వచ్చిన డెబ్భై రెండుమంది వలసకూలీలను చంపిన చోటు. దానికి అరుపులు, తూటాల చప్పుళ్లు కలిపి, మధ్యలో హీరో సంగీతం పెట్టారు. పొట్టకూటికి గల్ఫ్ దేశాలకు మనుషుల్ని పంపిన కోనసీమలో ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి వెళ్లడమంటే ఏమిటో తెలియని ఊరు లేదు. ఈ భాగం టీ కొట్టులో స్పీకరు పెట్టి వినిపించే సరుకు కాదు. క్యాబిన్లో పిల్లలుంటే అసలే వద్దు.

చివరి భాగంలో లస్కానో బతికే ఉన్నాడన్నట్టు ముగించారు. 2012 అక్టోబరు 7న కొఆవీలా రాష్ట్రం ప్రోగ్రెసోలో నౌకాదళంతో కాల్పుల్లో అతను చనిపోయాడు. సాయుధులొచ్చి సబినాస్‌లోని అంత్యక్రియల కేంద్రం నుంచి శవాన్ని ఎత్తుకుపోయింది నిజమే. కాని అప్పటికే వేలిముద్రలు, ఫొటోలు తీసేశారు, అవి సరిపోలాయి. శవం పోయింది కదా అని మనిషి బతికిపోడు.

2012 తర్వాత ఏమీ లేదు. జెడ్-40 2013 జులైలో పట్టుబడటం, 2025 ఫిబ్రవరిలో అతన్ని మరో ఇరవై ఎనిమిదిమందితో కలిపి అమెరికాకి అప్పగించడం, ఒసీయెల్ అక్కడి జైలు ముగించుకుని 2024 డిసెంబరులో మెక్సికోకి తిరిగిరావడం, మెక్సికోలోని మిచోఆకాన్ రాష్ట్రంలో కొలంబియా మాజీ సైనికులు పట్టుబడటం, ఇవేవీ ఇందులో దొరకవు. 'కొత్త భాగం వచ్చింది' అంటూ కొన్ని షాపుల్లో వంద తీసుకుని పంతొమ్మిదో ఫైలు ఎక్కిస్తున్నారు. అది ఐదో భాగాన్నే పేరు మార్చి పెట్టింది. డబ్బిచ్చే ముందు అక్కడే రెండు నిమిషాలు వినండి, మాతామోరోస్ వీధిలో కారు హారను వినిపిస్తే తిరిగి ఇచ్చేయండి.