పెన్‌డ్రైవ్‌కి క్విక్ రిమూవలా, బెటర్ పర్ఫార్మెన్సా: ఏది మేలు?

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం లాంటి ఊళ్లలో ఫోటో స్టూడియోలు, డీటీపీ షాపులు నడిపే మన తెలుగువాళ్లకి పెళ్లిళ్ల సీజన్‌లో ఇది రోజూ ఉండే టెన్షనే. పాతపట్నం నుంచి వచ్చిన పెళ్లివారు బస్సు టైమైపోతోందని తొందరపెడతారు. కాపీ అయిపోయిందని కనబడగానే పెన్‌డ్రైవ్ లాగి చేతిలో పెట్టేస్తారు. తీరా ఇంటికెళ్లి చూసుకుంటే తలంబ్రాల దగ్గర వీడియో ఆగిపోతుంది.

స్క్రీన్ మీద కాపీ అయిపోయినా డేటా ఇంకా డ్రైవ్‌లోకి చేరకపోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ముందు ర్యామ్‌లో ఉంచుకుని, వీలు చూసుకుని డిస్క్‌లోకి దించుతుంది. కిరాణా కొట్టాయన అరువులన్నీ మనసులో పెట్టుకుని, గిరాకీ తగ్గాక ఖాతా పుస్తకంలో రాసుకున్నట్టన్నమాట. దీన్నే రైట్ కాషింగ్ అంటారు. పని చకచకా సాగుతుంది గానీ, ఈలోపు కరెంటు పోయినా, డ్రైవ్ పీకేసినా దించనిదంతా గల్లంతే.

విండోస్‌లో డ్రైవ్‌కి ఉండే రెండు సెట్టింగుల్లో బెటర్ పర్ఫార్మెన్స్ పెడితే ఈ కాష్ పనిచేస్తుంది, ఎజెక్ట్ చేయకుండా డ్రైవ్ తీయకూడదు. క్విక్ రిమూవల్ పెడితే కాష్ ఉండదు. కాపీ ముగిశాక నేరుగా తీసేయొచ్చు. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవలే డిఫాల్ట్. షాపుకి అదే మేలని గట్టిగా చెప్తాను. వేల కొద్దీ చిన్న ఫోటోలు ఎక్కించేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది, నిజమే. కానీ పెద్ద వీడియో ఫైలుకి ఎలాగూ పెన్‌డ్రైవ్ ఎంత వేగంగా రాసుకోగలిగితే అంతే.

పైగా పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లలో (డ్రైవ్‌లో ఫైళ్లని అమర్చుకునే పద్ధతుల్లో) ఉంటాయి. వాటికి జర్నల్ ఉండదు. అంటే సగంలో ఆగిన పనిని తర్వాత సరిదిద్దుకునే చిట్టా లేదు, ఒక్కోసారి ఫోల్డరే కనబడకుండా పోతుంది.

ఉబుంటులాంటి లినక్స్ వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. అక్కడ మామూలుగా 30 సెకన్లు దాటిన డేటానే డిస్క్‌కి పంపుతుంది. అలాంటిది ఉందేమోనని 5 సెకన్లకోసారి చూసుకుంటుంది. అందుకే కాపీ టక్కున అయిపోయి, ఎజెక్ట్ మాత్రం నిమిషాల తరబడి తిరుగుతుంది. హ్యాంగ్ అయిందనుకుని పీకేయకండి, అసలు రాయడం జరిగేది అప్పుడే. టెర్మినల్‌లో సింక్ కమాండ్ ఇస్తే, అంతా దిగాకే ప్రాంప్ట్ తిరిగొస్తుంది.

కంప్యూటర్ లోపలి డిస్క్ సంగతి వేరు. దానికి కాష్ ఉంచాల్సిందే, తీసేస్తే ఎడిటింగ్ నత్తనడక నడుస్తుంది. అక్కడ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లకి జర్నల్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఫైల్ సిస్టమ్ చాలావరకు నిలబడుతుంది. అయితే అప్పుడే సేవ్ చేసిన ఆల్బమ్ పేజీకి అది పూచీ కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా కుదిపేసిందో చూసినవాళ్లం, ఈదురుగాలి మొదలైతే ఇక్కడ కరెంటుని నమ్మలేం. యూపీఎస్ తప్పనిసరి.

విండోస్‌లో ఈ సెట్టింగులుండే పాలసీస్ ట్యాబ్‌లోనే, బఫర్ ఫ్లషింగ్ ఆపేయమనే ఇంకో టిక్ ఉంటుంది. వేగం కోసం దాన్ని పెట్టమనే సలహా వినకండి. డేటాబేస్‌లాంటి ప్రోగ్రాములు ‘ఇది ఇప్పుడే డిస్క్‌లో పడాలి’ అని పంపే ఆజ్ఞని కూడా అది డిస్క్ దాకా పోనివ్వదు. డిస్క్‌కి సొంత బ్యాటరీ ఉన్న సర్వర్లకే అది తగినది.

క్విక్ రిమూవలా, బెటర్ పర్ఫార్మెన్సా అనే ఈ పాలసీ ఒక్కో డ్రైవ్‌కి విడివిడిగా ఉంటుంది. పాత విండోస్ ఉన్న సిస్టమ్‌లో కొత్తగా పెట్టిన డ్రైవ్‌కి బెటర్ పర్ఫార్మెన్సే ఉండొచ్చు, కాబట్టి అక్కడ ఎంత తొందరున్నా ఎజెక్ట్ చేసే తీయండి.