గట్టి టైరని చెప్పి రేసింగ్ టైరు అంటగట్టారు, జాగ్రత్త

ఇందాకే షాపు నుంచి వచ్చాను. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, అందుకే వెంటనే రాస్తున్నా. హైదరాబాద్‌లో ఎంటీబీ (కొండదారుల్లో నడిచే మౌంటెన్ సైకిల్) తొక్కే మనలో చాలామంది టైర్లు తెచ్చుకునే షాపే.

పోయిన నెల 29 అంగుళాల టైర్ల జత కొన్నాను, 7,600 రూపాయలు. ఖాజాగూడ గుట్టల వైపు తొక్కుతానని, అక్కడి రాళ్ళకి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కోసుకుపోతోందని, రెండు పొరల కేసింగ్ (రబ్బరు లోపలి దారాల గుడ్డ) కావాలని విడమరిచి చెప్పాను. "ఇది తీసుకోండి సార్, 120 టీపీఐ. మామూలువి 60 ఉంటాయి. దారాలు రెట్టింపు, బలం రెట్టింపు" అన్నాడు. నమ్మేశాను. టీపీఐ అంటే అంగుళానికి ఎన్ని దారాలున్నాయో చెప్పే లెక్క, పొరల లెక్క కాదని ఇన్నేళ్ళు తొక్కాక నాకు తెలిసుండాలి. దారాలు ఎక్కువైతే అవి సన్నబడతాయి, టైరు తేలికగా, మెత్తగా పరిగెడుతుంది. రాతి దెబ్బకి తట్టుకునేది పొరలు, పక్కల్లో వేసే గట్టి గుడ్డ.

మొన్న ఆదివారం ఆ టైర్లతో మూడో రైడ్. మన గ్రానైట్ గుండ్లు నున్నగానే ఉంటాయి, వాటితో గొడవ లేదు. బండలు పగలగొట్టిన చోట మిగిలిన పెచ్చులతోనే ప్రమాదం, అంచు బ్లేడులా ఉంటుంది. దిగుతుంటే వెనక చక్రం ఒకదానికి పక్కగా రాసుకుంది. బుస్సుమని గాలి పోయి, చిల్లులు పూడ్చడానికి లోపల పోసిన సీలెంట్ పాలలా పిక్కల మీదికి చిమ్మింది. చూస్తే రిమ్ముకు దగ్గరగా, బొటనవేలి గోరంత చీలిక. అక్కడ సీలెంట్ నిలవలేదు, చిల్లులో దూర్చే ప్లగ్గూ నిలవలేదు. పది రూపాయల నోటు మడిచి లోపల అడ్డం పెట్టి, ట్యూబు వేసి, సగం గాలి కొట్టి రోడ్డు దాకా నెట్టుకొచ్చాను. ఇంటికొచ్చి ఆ టైరు తూస్తే 660 గ్రాములు. రెండు పొరల 29 అంగుళాల టైరు కిలో దాటుతుంది.

ఇవాళ దాన్ని పట్టుకెళ్తే కౌంటర్లో అదే మనిషి. చీలికలో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి, పక్కనున్న కుర్రాడికి చూపించి నవ్వాడు. "ఇది రేసింగ్ టైరు సార్. రాళ్ళ మీద తొక్కమని ఎవరు చెప్పారు?" మీరే చెప్పారన్నాను. "బిల్లులో రాసుందా?" అన్నాడు. బిల్లు తీసి చూస్తే "టైరు 29, రెండు" అని ఉంది, అంతే. నాకు నోట మాట రాలేదు. డబ్బు పోతే పోయిందని సరిపెట్టుకునేవాణ్ణి. ఆ నవ్వే మింగుడు పడట్లేదు.

నా తప్పూ ఉంది. అతను అట్ట తీసేసి బిగిస్తుంటే దగ్గర నిలబడి సైడ్‌వాల్ మీద ఏముందో చదవకుండా టీ తాగుతూ కూర్చున్నాను.

కొనేవాళ్ళు షాపులోనే తూకం వేయించండి. మాక్సిస్ కంపెనీ టైర్లలో ఎక్సో అని రాసుంటే ఒకటే పొర, పక్కలకి మాత్రం రక్షణ ఉంటుంది. డబుల్‌డౌన్ అనో డీహెచ్ అనో రాసుంటే రెండు పొరలు. ష్వాల్బే కంపెనీవైతే సూపర్ గ్రావిటీ చూడండి. బరువు వద్దనుకుంటే వెనక చక్రానికైనా గట్టిది వేయండి, దెబ్బలు ఎక్కువ పడేది దానికే. మోడల్ పేరు, కేసింగ్ పేరు బిల్లులో రాయించుకోండి.

ఆ జతలో రెండోది ఇంకా ముందు చక్రానికే ఉంది, అదీ తీసేస్తున్నా. ఈ ఆదివారం రైడ్‌కి రాలేను, నాకోసం ఆగకండి.